మినాక్ థియేటర్: కొండకొమ్మున కట్టిన ఊరి రంగస్థలం

ఇంగ్లండుకు నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో, లాండ్స్ ఎండ్‌కు కొద్ది మైళ్ల దూరంలో పోర్త్‌కర్నో అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి పక్క కొండచరియను తొలిచినట్టు కనిపించే మినాక్ థియేటర్‌ను ఫొటోల్లో చూసినవారిలో చాలామంది దాన్ని గ్రీకులో రోమన్లో వదిలివెళ్లిన కట్టడమని పొరబడతారు. వంపు తిరుగుతూ కిందికి దిగే మెట్ల వరుసలు, అడుగున రాతి వేదిక, దాని అంచున స్తంభాలు, ఆ వెనక కనుచూపు మేర సముద్రం ఒకే చట్రంలో కనబడితే అలా అనుకోవడం సహజమే. నిజానికి ఇక్కడ మొదటి నాటకం ఆడింది 1932లో. కట్టడంలోని అతి పాత మెట్టుకు కూడా ఇంకా వందేళ్లు నిండలేదు.

మినాక్ గురించి రాసేవారు సాధారణంగా ఆ దృశ్యాన్ని మెచ్చుకుని ఊరుకుంటారు. దృశ్యం మెచ్చదగ్గదే, అందులో వాదన లేదు. అయితే సముద్రం బాగుందని చెప్పడం థియేటర్‌ను సమీక్షించడం కాదు. కూర్చున్నవారికి మాట వినబడుతున్నదా, నటుడి ముఖం కనబడుతున్నదా, రెండు గంటలు ఆ రాతిమీద కూర్చోగలమా, ఇంతటి నేపథ్యం ముందు నాటకం నిలబడుతున్నదా అన్నవే అడగవలసిన ప్రశ్నలు. వాటికి జవాబులు దొరకాలంటే ఇది ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో కొంత తెలిసి ఉండాలి, ఎందుకంటే ఇక్కడి సుఖాలకూ అసౌకర్యాలకూ కారణం ఒక్కటే: దీన్ని వాస్తుశిల్పి గీసిన పటం ప్రకారం ఒక్కసారిగా కట్టలేదు, ఏటేటా చేతులతో కొంచెం కొంచెంగా పెంచారు.

ముందుగా పుట్టింది నాటక బృందం. 1929లో ఆ చుట్టుపక్కల గ్రామస్థులు కొందరు కలిసి దగ్గర్లోని క్రీన్ అనే చోట పచ్చికబయల్లో షేక్‌స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ ఆడారు. జనానికి నచ్చడంతో మరుసటి ఏడు మళ్లీ ఆడారు. ఆ ప్రదర్శనలకు దుస్తుల పనిలో సాయపడినవారిలో రొవీనా కేడ్ అనే మహిళ ఒకరు. డెర్బీషైర్‌లో 1893లో పుట్టి, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైన్యానికి పంపే గుర్రాలను మచ్చిక చేసే పనిలో ఉండి, యుద్ధానంతరం తల్లితో పాటు కార్న్‌వాల్ చేరిన ఆమె, మినాక్ కొండకొమ్మును వంద పౌండ్లకు కొని అక్కడ ఇల్లు కట్టించుకున్నారు. బృందం తర్వాతి నాటకంగా ‘ది టెంపెస్ట్’ను ఎంచుకుంది. అది ఓడ తుపానులో చిక్కుకోవడంతో మొదలై, ఆ తర్వాతంతా ఒక ద్వీపం మీదనే జరిగే కథ. దానికి పచ్చికబయలు నప్పదు. అప్పుడు కేడ్ తన తోట దిగువన సముద్రం మీదికి వాలి ఉన్న చరియను చూపించి, అక్కడ ఆడుకోవచ్చునన్నారు.

ఈ వరుసను గమనించాలి. ఆడేవారు ముందు, ఆడే నాటకం ఆ తర్వాత, ఆడే స్థలం చివరన. భవనం కట్టి, ప్రారంభోత్సవం చేసి, ఆ తర్వాత ఆడేవారి కోసం వెతుక్కునే నాటకశాలలు లోకంలో తక్కువేమీ కావు. మినాక్ వేదిక కొలతలు మొదట ఒక నాటకానికి, ఒక బృందానికి సరిపోయేలా పుట్టాయి కాబట్టే, ఈ రోజుకీ అది నటుడి నడకకు అలవాటైన చోటులా అనిపిస్తుంది.

1931లో మొదలై 1932లోకి సాగిన చలికాలమంతా కేడ్, ఆమె తోటమాలి బిల్లీ రాలింగ్స్, చార్లెస్ థామస్ ఆంగోవ్ అనే మరో స్థానిక పనివాడు కలిసి బండలు దొర్లించి, మట్టి ఎత్తిపోసి, వేదికకు చదును, ప్రేక్షకులకు కొన్ని మోటు వరుసలు సిద్ధం చేశారు. చేతి పనిముట్లే తప్ప యంత్రాలు లేవు. చరియమీద దొరికే గ్రానైటు బండలను రాలింగ్స్ చేత్తోనే కోసి పేర్చేవాడు. ఆ ఇంటి యజమానురాలు అతడికి కూలీగా పని చేసేవారు. 1932 ఆగస్టులో ‘ది టెంపెస్ట్’ ఆడినప్పుడు వెలుతురు కోసం బ్యాటరీలు, కార్ల హెడ్‌లైట్లు, పైన ఇంటి నుంచి లాగిన అంతంతమాత్రపు కరెంటు వాడారు. సరిగ్గా అదే ఏడాది లండన్‌లోని రీజెంట్స్ పార్కులోనూ ఆరుబయలు థియేటర్ మొదలైంది. అక్కడ నగరం, వృత్తి నటులు, పత్రికలు అన్నీ అందుబాటులో ఉన్నాయి. ఇక్కడ ఒక పల్లె, ఒక తోటమాలి, నలభైకి దగ్గర పడుతున్న ఒక మహిళ. ఆ రెండూ ఈ నాటికీ నడుస్తుండడం విశేషం.

నాటకం విజయవంతమయ్యాక కేడ్ ఆగలేదు. వేసవిలో ప్రదర్శనలు, చలికాలంలో నిర్మాణం అన్న పద్ధతి అప్పుడు మొదలై, ఆమెకు ఎనభై దాటేవరకూ కొనసాగింది. మెట్లు, దారులు, గోడలు, వరుసలు ఒక్కో చలికాలానికి కొన్ని చొప్పున వచ్చి చేరాయి. గ్రానైటును రాలింగ్స్ కోసినట్టు కోయడం తనకు చేతకాదు కనుక ఆమె కాంక్రీటును ఎంచుకున్నారు. కింది బీచి నుంచి ఇసుకను సంచుల్లో వీపున మోసుకొచ్చి సిమెంటులో కలిపేవారు. ఇక్కడ కూర్చున్నవారు తప్పక వంగి చూడవలసిన వివరం ఒకటుంది. కాంక్రీటు పూర్తిగా గట్టిపడకముందే పాత స్క్రూడ్రైవరు మొనతో ఆమె దాని మీద అక్షరాలు, కెల్టిక్ ముడుల నమూనాలు గీసేవారు. ఆసనాల వీపుల మీద ఇక్కడ ఆడిన నాటకాల పేర్లు, ఆడిన సంవత్సరాలు చెక్కి ఉంటాయి. వేలితో తడిమితే గీత మొదలైన చోట లోతుగా, ముగిసే చోట తేలికగా తగులుతుంది. కొన్ని అక్షరాల అంచుల్లో ఇసుక గరుకుతనం ఇంకా మిగిలే ఉంది. దూరం నుంచి ప్రాచీన శిల్పమనిపించేది దగ్గరకు వెళ్లి చూస్తే ఒక మనిషి చేతిరాత అని తెలుస్తుంది. థియేటర్ చరిత్రను ఫలకాల మీద కాకుండా ప్రేక్షకుడు వీపు ఆనించే చోట రాసిన పద్ధతి మరెక్కడా నాకు కనిపించలేదు.

ఆమె పట్టుదల గురించి ఇక్కడ చెప్పుకునే కథలలో అందరికీ ఇష్టమైనది కొయ్య దూలాల కథ. తీరాన దెబ్బతిన్న ఓ స్పానిష్ ఓడ నుంచి కొట్టుకొచ్చిన పొడవాటి దూలాలను ఆమె ఒక్కతే బీచి నుంచి పైకి చేరవేశారట. కస్టమ్స్ వాళ్లు వచ్చి ఆరా తీస్తే, తీసుకున్నది తానేనని దాచకుండా చెప్పారట. ఆ బక్కపలచని మనిషి అంతేసి దూలాలు మోయడమేమిటని వాళ్లు నమ్మకుండా వెళ్లిపోయారట. ఆ కలప నటుల గదుల నిర్మాణానికి పనికొచ్చింది. ఇన్నేళ్లలో కథకు కాస్త ఉప్పూ కారం తగిలి ఉండవచ్చు. కానీ 1955 దాకా నటులకు ఇక్కడ దుస్తులు మార్చుకునే గదులు లేవన్నది మాత్రం వాస్తవం. మొదటి ఇరవై ఏళ్లకు పైగా ఈ ఎదురుగాలిలో, ఈ చరియమీద, సరైన గ్రీన్‌రూమ్ లేకుండానే ఆడినవారి ఓపికకూ ఈ సమీక్షలో చోటు ఉండాలి.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ తీరమంతా ముళ్లకంచెలతో నిండిపోయింది. అందుకు బలమైన కారణం ఉంది. 1870లో బ్రిటన్‌ను బొంబాయితో కలిపిన సముద్రగర్భ టెలిగ్రాఫు మార్గం ఒడ్డుకెక్కింది ఈ పోర్త్‌కర్నో బీచిలోనే, యుద్ధకాలం నాటికి ఇది ప్రపంచంలోని ముఖ్యమైన కేబుల్ కేంద్రాలలో ఒకటి. దాన్ని కాపాడుకునేందుకు కొండను తొలిచి సొరంగాలు కట్టారు. ఇప్పుడక్కడ సమాచార ప్రసార చరిత్ర మ్యూజియం నడుస్తోంది, మన దేశానికి తంతివార్తలు ఏ దారిన నడిచాయో చూడాలనుకునేవారు నాటకానికి వెళ్లే రోజునే ఒక పూట దానికి కేటాయించవచ్చు. సైన్యం మినాక్ కొండ మీద కట్టిన తుపాకీ గూడు తర్వాతి కాలంలో థియేటర్ టికెట్ల గదిగా మారింది. 1944లో ఒక సినిమా బృందం ఇక్కడికి చిత్రీకరణకు వచ్చి, వాతావరణం ఓర్వలేక స్టూడియోకు తిరిగి వెళ్లింది. యుద్ధానంతరం దారి, కార్లు నిలిపే చోటు, బీచి నుంచి పైకి మెట్లు వచ్చాయి. ఊరి బృందంతో మొదలైన వేదిక మీదికి క్రమంగా దేశం నలుమూలల నుంచి ఔత్సాహిక నాటక సమాజాలు, విశ్వవిద్యాలయాల విద్యార్థి బృందాలు రావడం మొదలుపెట్టాయి.

డబ్బు విషయంలో మాత్రం ఇది చాలాకాలం ఒక వ్యక్తి జేబు మీదే ఆధారపడింది. చివరకు 1976లో ఇది ధార్మిక ట్రస్టుగా నమోదైంది, కేడ్ థియేటర్‌ను దానికి అప్పగించారు. ఆమె 1983 మార్చిలో, తొంభై నిండడానికి కొన్ని నెలల ముందు కన్నుమూశారు. సామాజిక సంస్థలు పెట్టిన వ్యక్తితోనే ముగిసిపోయే సందర్భాలు మనం చూస్తూనే ఉంటాం. పెట్టిన మనిషి ఉండగానే యాజమాన్యం చేతులు మారడం మినాక్‌కు ఎంత మేలు చేసిందో ఇప్పటి నిర్వహణ తీరు చూస్తే అర్థమవుతుంది. టికెట్ల పద్ధతి, సిబ్బంది మర్యాద, దారి చూపే తీరు అన్నీ వృత్తిపరంగా ఉంటూనే, ఇంటికి వచ్చినవారిని పలకరించే ధోరణి పోలేదు.

ఇక అసలు విషయానికి, అంటే రాత్రి ప్రదర్శనకు వద్దాం. సుమారు 750 మంది పట్టే ఈ ప్రేక్షకస్థలం చాలా ఏటవాలుగా ఉంటుంది. ముందువారి తల అడ్డం రావడమన్న బాధ లేదు. ఏ వరుసలో కూర్చున్నా చూపు కిందికి వాలుతుంది గనుక నటుల ముఖాల కంటే వారు వేదిక మీద కదిలే తీరు, ఒకరికొకరు ఎంత దూరంలో నిలబడ్డారన్నది స్పష్టంగా కనబడుతుంది. దర్శకులకు ఇది పరీక్ష. పెట్టెలాంటి మామూలు వేదికలకు కుదిర్చిన కదలికలు ఇక్కడ పైనుంచి చూస్తే ఒకే గీత మీద నిలబడ్డట్టు తేలిపోతాయి. వేదిక లోతును, పక్క మెట్లను, ఎత్తయిన అరుగులను వాడుకోగలిగినవారి నాటకం మాత్రమే రక్తి కడుతుంది.

ఇక్కడ తెర లేదు, తెర వేయడానికి వీలూ లేదు. అందుచేత రంగం మారడమంటే నటులు నడిచి రావడమే, నడిచి వెళ్లడమే. నాటకం పగటి వెలుగులోనే మొదలవుతుంది కాబట్టి మొదటి భాగంలో లైట్లకు పని ఉండదు. విరామం నాటికి ఆకాశం రంగు మారుతుంది, రెండో భాగంలో గాని దీపాలకు బలం రాదు. ఈ మార్పును లెక్కలో పెట్టుకుని, మొదటి సగాన్ని చురుకుగా నడిపి, గుట్టుగా సాగవలసిన సన్నివేశాలను చీకటి పడేదాకా ఆపగలిగే కథలు మినాక్‌కు నప్పుతాయి. నేను చూసింది ఒక ఔత్సాహిక బృందం ఆడిన హాస్య నాటకం. మొదటి సగంలో నాయకుడు గంభీరంగా ప్రమాణం చేస్తున్న ఘట్టంలో కింద నుంచి ఒక చేపల పడవ టకటకమంటూ పోయింది. ఆ నటుడు ఆగి, పడవ వైపు తిరిగి, అది దాటిపోయేదాకా చేతులు కట్టుకుని నిలబడి, విడిచిన మాట దగ్గరే మళ్లీ అందుకున్నాడు. ఆ సాయంత్రం అందరికంటే ఎక్కువ చప్పట్లు ఆ మౌనానికే పడ్డాయి. సముద్రంతో పోటీ పడకుండా దాన్ని కూడా ఒక పాత్రధారిగా చూడడం తెలిసినవారికే ఈ వేదిక దక్కుతుందని నా అభిప్రాయం. గొంతు చించుకుని అలలను మించాలని చూసేవారు రెండో అంకానికే అలసిపోతారు.

ఈ కారణంగానే ఇక్కడికి ఏ నాటకమైనా ఒకటేనని అనుకోకూడదు. తుపానులు, ద్వీపాలు, ఓడ ప్రమాదాలు, రాజ్యాలు పోగొట్టుకున్నవారు ఉన్న కథలు సహజంగానే అతుకుతాయి. సంగీత నాటికలూ బాగుంటాయి, కాకపోతే మైకుల్లో గాలి చొరబడకుండా చూసుకోవడం సాంకేతిక సిబ్బందికి పెద్ద పని. నాలుగు గోడల మధ్య, ఒక సోఫా చుట్టూ తిరిగే కుటుంబ నాటకాన్ని ఇక్కడ పెడితే మాత్రం ప్రేక్షకుడి కళ్లు ఐదు నిమిషాలకే నీళ్ల మీదికి పోతాయి. అది నటుల తప్పు కాదు, ఎంపిక తప్పు. టికెట్టు కొనేముందు తేదీని కాకుండా నాటకాన్ని చూసి ఎంచుకోమని చెప్పడానికి కారణం ఇదే.

లోపాలు చెప్పకపోతే సమీక్ష పూర్తికాదు. మెట్లు చాలా నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి, ఎత్తు నుంచి కిందికి చూస్తే కళ్లు తిరిగేవారికి దిగువ వరుసలు కష్టం. చక్రాల కుర్చీలో వచ్చేవారికి పై భాగంలో ఏర్పాట్లున్నా, కొండను కొండగానే ఉంచి కట్టిన చోటు కాబట్టి మొత్తం తిరిగి చూడడం సాధ్యం కాదు. పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లేవారు టికెట్టు తీసుకునేటప్పుడే ఈ సంగతి చెప్పి తగిన చోటు అడగాలి. ఆసనాలు కొన్ని పచ్చిక పరిచినవి, కొన్ని కాంక్రీటువి. ఏదైనా దిండు లేకుండా రెండు గంటలు కూర్చోవడం నడుముకు శిక్షే. వాన వచ్చినా నాటకం సాధారణంగా ఆగదు, వెనకవారికి అడ్డమవుతుందని గొడుగు తెరవనివ్వరు. ఇది ముందుగా తెలియక పలుచని బట్టలతో వచ్చి వణికే పర్యాటకులు ప్రతి ప్రదర్శనలోనూ కనిపిస్తారు. నడివేసవిలో సైతం పొద్దు వాలాక సముద్రపు గాలి ఎముకలు కొరుకుతుంది. స్వెటరు, టోపీ ఉన్న వాన కోటు, కప్పుకోవడానికి ఒక దుప్పటి తీసుకెళ్లడం అతిజాగ్రత్త అనిపించుకోదు.

దూరం మరో సమస్య. లండన్ నుంచి దగ్గర్లోని పెంజాన్స్ పట్టణానికి రైల్లో అయిదు గంటలకు పైనే పడుతుంది, అక్కడి నుంచి ఇరుకు దారుల్లో దాదాపు తొమ్మిది మైళ్లు రావాలి. రాత్రి ప్రదర్శన ముగిసే వేళకు బస్సు ఉంటుందో లేదో ముందే చూసుకోకపోతే ఇబ్బంది పడతారు. ఒక్కరోజులో వెళ్లి తిరిగి రావాలనుకోవడం తెలివైన పని కాదు, ఆ చుట్టుపక్కల ఎక్కడైనా బస కుదుర్చుకోవాలి.

పగటిపూట కూడా టికెట్టుతో లోపలికి వెళ్లి చూడవచ్చు. కేడ్ జీవితాన్ని, నిర్మాణాన్ని వివరించే ప్రదర్శనశాల చిన్నదైనా శ్రద్ధగా అమర్చారు. తోపుడుబండి పక్కన ఉన్న ఆమె ఫొటో చూశాక బయటికొచ్చి ఆ మెట్లు దిగితే, ప్రతి మెట్టూ కాళ్లకు వేరుగా తెలుస్తుంది. చరియ పొడవునా పెంచిన దళసరి ఆకుల మొక్కల తోట, సముద్రం కనిపించే కాఫీ హోటలు, తూర్పున లోగన్ రాక్ అనే పెద్ద బండ దాకా సాగే తీరం చూడడానికి ఒక పూట హాయిగా గడిచిపోతుంది. అయితే వేసవి సెలవుల్లో పగటి జనం చాలా ఎక్కువ. వేదిక మీద వరుసగా నిలబడి ఫొటోలు తీసుకునేవారి మధ్య ఆ చోటు థియేటర్‌లా కాక ఒక చూడదగ్గ ప్రదేశంలాగే మిగిలిపోతుంది. పగలు మాత్రమే చూసి వెళ్లినవారు మినాక్ చూశామని చెప్పుకోవచ్చు గాని, అది ఎందుకు కట్టారో వారికి తెలిసే అవకాశం తక్కువ.

కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను. ఒక్కదానికే సమయం, డబ్బు ఉంటే పగటి టికెట్టు మానేసి నాటకానికే కొనండి. వాతావరణం కాస్త నమ్మదగ్గ జూన్, జులై ప్రదర్శనలకు సీట్లు ముందే అయిపోతాయి గనుక ప్రయాణం ఖాయం కాకముందే టికెట్టు చూసుకోవడం మంచిది. వేదికకు మరీ దగ్గరి వరుసల కంటే మధ్య వరుసలు మేలు. అక్కడి నుంచి నటుల మాట తేటగా వినబడుతుంది, వారి వెనక నీళ్లూ కనబడతాయి. ఆట మొదలయ్యే వేళకు అరగంట ముందే చేరుకుంటే, వెలుతురు ఉండగానే మీ వరుస వెనక ఏ నాటకం పేరు చెక్కి ఉందో చదువుకోవచ్చు.